పెట్రోలు ధర మన చేతిలో లేదు, మైలేజీ ఉంది

హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 2021 జూన్‌లో 100 రూపాయలు దాటింది. ఆ తర్వాత 2021 నవంబరులో ఒకసారి, 2022 మే నెలలో మరోసారి కేంద్రం ఎక్సైజ్ సుంకం తగ్గించినా ధర వంద కిందికి దిగలేదు. అంతర్జాతీయ మార్కెట్లో ముడిచమురు రేటు, కేంద్రం వేసే సుంకం, రాష్ట్రం వసూలు చేసే వ్యాట్ అన్నీ కలిస్తేనే బంకులో మనం చూసే ధర. వీటిలో ఏదీ ఇల్లు నడిపేవారి చేతిలో లేదు. కానీ పోయించిన పెట్రోలుతో ఎన్ని కిలోమీటర్లు తిరగొచ్చన్నది మాత్రం చాలావరకు స్టీరింగ్ పట్టుకున్నవారి చేతిలోనే ఉంది.

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారునే తీసుకుందాం. లీటరుకు 14 కిలోమీటర్లు ఇస్తే 71 లీటర్లకు పైగా కావాలి. అదే కారు 16 ఇస్తే 62.5 లీటర్లు సరిపోతాయి. లీటరు 107 రూపాయల చొప్పున చూస్తే నెలకు సుమారు 950, ఏడాదికి 11 వేలకు పైగా మిగులుతుంది. నెలకు మూడు వేల కిలోమీటర్లు తిప్పే పెట్రోలు క్యాబ్ డ్రైవర్‌కైతే నెలకే 2,800 దాటుతుంది. రోజూ బండి మీదే బతికే ఇంట్లో అది పిల్లల ఫీజు, లేదంటే సరుకుల బిల్లు.

ముందు అసలు మైలేజీ తెలుసుకోవాలి

చాలామంది మైలేజీని అందాజాగా చెబుతారు. అది పనికిరాదు. బంకులో గన్ దానంతట అదే ఆగేవరకు ట్యాంకు నింపించి, ట్రిప్ మీటరును సున్నా చేయాలి. మళ్లీ పెట్రోలు అవసరమైనప్పుడు అదే బంకులో, అదే పద్ధతిలో నింపించాలి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే నిజమైన మైలేజీ. ఉదాహరణకు 462 కిలోమీటర్లకు 33 లీటర్లు పడితే 14. ఇలా రెండు మూడు సార్లు రాసి పెట్టుకుంటే ఏ మార్పు వల్ల ఎంత లాభం వచ్చిందో తెలుస్తుంది. బంకు కొలత మీద అనుమానం ఉంటే ఐదు లీటర్ల కొలత పాత్రతో చూపించమని అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది.

ఖర్చు లేని మొదటి పని: గాలి

టైరులో గాలి తగ్గితే అది రోడ్డుకు ఎక్కువగా అంటుకుని తిరుగుతుంది. బండిని లాగడానికి ఇంజిన్ అదనంగా కష్టపడాలి, టైరు కూడా త్వరగా అరుగుతుంది. ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. టైరు మీద అచ్చు వేసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, అంత గాలి పట్టించకూడదు. టైర్లు చల్లగా ఉన్నప్పుడు, అంటే ఉదయం బండి తీసిన వెంటనే, పదిహేను రోజులకోసారి చూపించాలి. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితం. కుటుంబమంతా సామానుతో ఊరికి బయల్దేరే ముందు, ఫుల్ లోడ్‌కు అదే స్టిక్కర్ మీద వేరే అంకె ఉంటే దాని ప్రకారం పట్టించాలి.

కుడికాలులో ఉంది అసలు కిటుకు

సిగ్నల్ పడగానే ఎక్సలరేటర్ గట్టిగా తొక్కి, వంద గజాల దూరంలో మళ్లీ బ్రేకు వేయడం నగరంలో మామూలైపోయింది. వేగం పెంచడానికి కాల్చిన పెట్రోలంతా బ్రేకుల్లో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. ముందున్న బండికి కాస్త దూరం పాటిస్తూ, రెడ్ సిగ్నల్ దూరం నుంచే కనబడితే ఎక్సలరేటర్ మీద నుంచి కాలు తీసేయడం అలవాటు చేసుకోవాలి. రంజాన్‌లో ఇఫ్తార్‌కు ముందు అరగంట ఎలా ఉంటుందో పాతబస్తీ రోడ్లు చూసినవారికి తెలుసు. ఆ హడావుడిలో పెట్రోలు పోతుంది, ప్రాణాలూ ప్రమాదంలో పడతాయి. డిక్కీలో నీళ్ల సీసా, నాలుగు ఖర్జూరాలు పెట్టుకుని పావుగంట ముందు బయల్దేరితే ఆ తొందరే ఉండదు.

హైవే మీద సంగతి వేరు. వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలి అడ్డు అంతకంటే వేగంగా పెరుగుతుంది. 80 నుంచి 100కి పెంచితే వేగం పెరిగింది పాతిక శాతమే, గాలి అడ్డు మాత్రం 50 శాతానికి పైగా పెరుగుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 వరకు అనుమతి ఉందని 120లోనే పోనవసరం లేదు. హైదరాబాద్ నుంచి కర్నూలుకు 80లో పోయినా, 100లో పోయినా తేడా అరగంటే. పైన క్యారియర్ ఖాళీగా ఉన్నా గాలికి అడ్డే, పనిలేనప్పుడు విప్పేయడం మంచిది.

న్యూట్రల్ భ్రమ

దిగుడులో న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోలు ఆదా అవుతుందన్న నమ్మకం పాత కార్బ్యురేటర్ బండ్ల కాలం నాటిది. ఇప్పటి ఫ్యూయెల్ ఇంజెక్షన్ కార్లలో గేరు అలాగే ఉంచి ఎక్సలరేటర్ వదిలితే, వేగం బాగా తగ్గేవరకు ఇంజిన్‌కు పెట్రోలు దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ ఆగకుండా ఉండటానికి పెట్రోలు కాలుతూనే ఉంటుంది. పైగా ఘాట్ రోడ్డులో న్యూట్రల్ ప్రమాదం. ఇంజిన్ పట్టు ఉండదు, బ్రేకులు వేడెక్కి పనిచేయకపోవచ్చు. నడుస్తున్న బండిలో తాళం తిప్పి ఇంజిన్ ఆపడం ఇంకా ప్రమాదం.

ఆపాల్సింది నిలబడి ఉన్నప్పుడు. స్కూలు గేటు ముందు, ఫంక్షన్ హాలు బయట ఏసీ వేసుకుని ఇంజిన్ నడుపుతూ కూర్చుంటే గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా ఖర్చవుతుంది. అరనిమిషం కంటే ఎక్కువ ఆగాల్సి వస్తే ఆపేయడమే లాభం.

పాత బండి, కొత్త పెట్రోలు

బండిలో ఏ లోపమూ లేకపోయినా మైలేజీ తగ్గిందని అనేవారున్నారు. దానికి ఒక కారణం 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ-20 పెట్రోలు. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడోవంతు తక్కువ. ఈ-10కు అనుగుణంగా సరిచేసిన పాత కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం, బైకుల్లో 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదిక అంచనా వేసింది. అంటే 16 ఇచ్చే పాత కారు 15కు దిగితే మెకానిక్‌ను తప్పుపట్టనవసరం లేదు, అనవసరమైన రిపేర్లకు డబ్బు పోయనవసరమూ లేదు.

తగ్గుదల అంతకంటే ఎక్కువగా ఉంటే మాత్రం బండి చూపించాలి. ప్రయాణం తర్వాత ఒక చక్రం మాత్రమే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేసి ఉండవచ్చు. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగితే వాయిదా వేయొద్దు, సెన్సర్ పాడైతే పెట్రోలు ఎక్కువగా తాగుతుంది. ఇంజిన్ ఆయిల్ కంపెనీ పుస్తకంలో చెప్పిన గ్రేడే వాడాలి. ట్యాంకులో పోసే సీసాలు, పైపుకు తగిలించే అయస్కాంతాలు మైలేజీ పెంచుతాయన్న ప్రచారాన్ని నమ్మొద్దు. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి వందకు పైగా పరికరాలను పరీక్షించింది. వాటిలో కాస్తయినా ఫలితం చూపినవి చాలా కొద్ది.

ఏసీ విషయంలో సూత్రం తేలిక. నగరంలో నెమ్మదిగా పోతున్నప్పుడు అద్దాలు దించుకుంటే ఆదా, హైవే వేగంలో అద్దాలు మూసి ఏసీ వేసుకోవడమే మేలు. ఎండలో నిలిపిన బండికి ముందు తలుపులు తెరిచి వేడిగాలి పోనివ్వాలి.

నడవగలిగిన దూరానికి బండి వద్దు

అన్నిటికంటే ఎక్కువ పెట్రోలు తాగేది చల్లటి ఇంజిన్. అది వేడెక్కేలోపే చేరిపోయే కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ప్రయాణాల్లో మైలేజీ బాగా పడిపోతుంది. సరుకులు, మందులు, బంధువుల ఇల్లు ఒకే ప్రయాణంలో కలిపేసుకుంటే ఇంజిన్ ఒక్కసారి వేడెక్కితే చాలు. గల్లీ చివర ఉన్న మస్జిద్‌కు కారు తీయడం ఎందుకు? నమాజుకు నడిచి వెళ్లే ప్రతి అడుగుకూ సవాబ్ ఉందని పెద్దలు చెబుతూనే ఉన్నారు.

ఇస్లాం ఇస్రాఫ్‌ను, అంటే దుబారాను, ఇష్టపడదు. అన్నం పారేస్తే ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే మందలిస్తారు. నిలబడిన బండిలో కాలిపోయే పెట్రోలు కంటికి కనబడదు కాబట్టి ఎవరూ మందలించరు. దాన్ని కనబడేలా చేసేది ట్రిప్ మీటరు లెక్కే. ఈసారి ట్యాంకు నింపించినప్పుడే ఆ లెక్క మొదలుపెట్టి, గాలి పట్టించుకుని బయల్దేరితే నెలాఖరుకు ఎంత మిగిలిందో ఇంట్లో అందరికీ తెలుస్తుంది.