ముసలి స్పోర్ట్స్ కారులో తిరిగే త్రిభుజం

రోకలినీ, తిరగలినీ మీరు చూసే ఉంటారు. రెండూ గింజల్ని పిండి చేసేవే. కాని ఆ పని చేసే తీరు వేరు. రోకలి పైకి లేస్తుంది, క్షణంలో వెయ్యోవంతు ఆగుతుంది, కిందికి పడుతుంది, మళ్లీ ఆగి పైకి లేస్తుంది. తిరగలి అలా కాదు. తిప్పడం మొదలుపెడితే ఒకే దిశలో సాఫీగా తిరుగుతూనే ఉంటుంది.

మన రోడ్ల మీద కనిపించే పెట్రోలు, డీజిలు కార్ల ఇంజన్లన్నీ రోకలి జాతివే. వాటిలో పిస్టన్లు సిలిండర్ల లోపల పైకీ కిందికీ ఆడుతూ ఉంటాయి. తిరగలి జాతి ఇంజనుతో కూడా లక్షల సంఖ్యలో తయారైన కారు ఒకటుంది. దాని పేరు ఆర్‌ఎక్స్-7. జపాన్‌లోని హిరోషిమాకు చెందిన మాజ్డా సంస్థ దీనిని 1978లో విడుదల చేసింది. రెండే తలుపులు, వెనక్కి వాలుగా దిగే కప్పు, చీకటి పడినప్పుడు మాత్రమే కనురెప్పల్లా పైకి లేచే దీపాలు దీని గుర్తులు. ఇలాంటి రెండు తలుపుల కారును కూపే అంటారు. 2002 వరకు మూడు తరాలుగా 8 లక్షలకు పైగా ఆర్‌ఎక్స్-7 కార్లు తయారయ్యాయి. మొదటి తరం 1985లో ఆగిపోయింది. అంటే ఆ తరంలో అన్నిటికంటే చిన్న కారుకు కూడా ఇప్పుడు 40 ఏళ్లు!

అయినా జపాన్, అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్ దేశాల్లో ఎందరో ఔత్సాహికులు ఈ పాత కార్లను సొంత చేతులతో విప్పి, బాగుచేసి, మార్పులు చేసి నడుపుతున్నారు. అలాంటి వారి షెడ్డులోకి తొంగిచూస్తే మీ పాఠ్యపుస్తకంలోని భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు మూడూ ఒకేచోట కనిపిస్తాయి.

త్రిభుజం ఎలా పనిచేస్తుంది?

రెండు గింజల వేరుశనగకాయను నిలువుగా చీల్చినట్లు ఊహించుకోండి. నడుము దగ్గర కొంచెం నొక్కుకుపోయిన ఆ ఆకారమే ఈ ఇంజను గది. అందులో ఉబ్బెత్తు భుజాలున్న ఒక త్రిభుజం తిరుగుతుంది. దీన్ని రోటరు అంటారు. ఎంత తిరిగినా దాని మూడు మూలలూ గోడను తాకుతూనే ఉంటాయి. అందువల్ల రోటరుకూ గోడకూ మధ్య ఎప్పుడూ మూడు వేరువేరు గదులుంటాయి. రోటరు తిరిగే కొద్దీ ఒక్కొక్క గది పెద్దదవుతూ, చిన్నదవుతూ ఉంటుంది.

గది పెద్దదవుతున్నప్పుడు పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం లోపలికి వస్తుంది. చిన్నదయ్యేటప్పుడు అది నొక్కుకుంటుంది. అప్పుడు ప్లగ్గుల నుంచి నిప్పురవ్వ వస్తుంది. మండిన వాయువు వ్యాకోచించి రోటరును నెడుతుంది. చివరకు పొగ బయటికి పోతుంది. పిస్టను ఇంజనులో జరిగే నాలుగు పనులూ ఇక్కడా జరిగాయి గదా! తేడా ఏమంటే, దీనిలో కవాటాలు లేవు. గాలి వచ్చే రంధ్రాన్నీ, పొగ పోయే రంధ్రాన్నీ రోటరే మూస్తుంది, రోటరే తెరుస్తుంది.

రోటరు ఒకసారి తిరిగితే దాని మధ్యనున్న ఇరుసు మూడుసార్లు తిరుగుతుంది. ఇరుసు నిమిషానికి 6,000 చుట్లు తిరిగినా రోటరు తిరిగేది 2,000 చుట్లే. ఆగి మళ్లీ కదిలే భాగాలు లేనందువల్ల కుదుపు తక్కువ. ఇంజను ఎంత సాఫీగా తిరుగుతుందంటే, వేగం ఎంత పెరిగిందో నడిపేవారికి తెలియకపోవచ్చు. అందుకే 7,000 చుట్లు దగ్గరపడగానే హెచ్చరించడానికి ఈ కారులో ఒక బజరు అమర్చారు!

ఇప్పుడు చిన్న లెక్క. ఒక్కొక్క గది ఘనపరిమాణంలో వచ్చే మార్పు = 3 × √3 × ఇరుసు ఒంపు దూరం × రోటరు వ్యాసార్ధం × రోటరు మందం. మొదటి తరం కారులోని 12ఏ అనే ఇంజనులో ఇవి వరుసగా 15, 105, 70 మిల్లీమీటర్లు. 5.196 × 15 × 105 × 70 చేస్తే సుమారు 5,73,000 ఘన మిల్లీమీటర్లు, అంటే 573 ఘన సెంటీమీటర్లు వస్తుంది. ఇంజనులో రెండు రోటర్లున్నాయి కాబట్టి మొత్తం 1,146 ఘన సెంటీమీటర్లు. ఇంత చిన్న ఇంజను అమెరికాలో అమ్మిన కారులో 100 గుర్రాల శక్తినిచ్చింది.

దయ్యపు గోటిగీతలు

ఈ ఇంజను ఆలోచన జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్‌ది. ఎన్‌ఎస్‌యూ అనే జర్మన్ సంస్థలో 1957లో మొదటి నమూనా తిరిగింది. మాజ్డా సంస్థ అనుమతి కొనుక్కొని, కెనిచి యమమోటో నాయకత్వంలో 47 మంది ఇంజనీర్లను ఈ పనికి నియమించింది. వారికి ఎదురైన పెద్ద చిక్కు రోటరు మూలల దగ్గరే వచ్చింది.

ఒక గదిలోని వాయువు పక్క గదిలోకి జారిపోకుండా ప్రతి మూలలోనూ సన్నని పట్టీ ఒకటి ఉంటుంది. దీన్ని ఎపెక్స్ సీలు అంటారు. స్ప్రింగూ, వాయు పీడనమూ కలిసి దీనిని గోడకు అదిమి ఉంచుతాయి. మొదటి నమూనాలలో ఈ పట్టీలు వేగంగా కంపించి గోడ మీద అడ్డగీతలు చెక్కాయి. జపాన్ ఇంజనీర్లు వాటికి పెట్టిన పేరు 'దయ్యపు గోటిగీతలు'. కార్బన్‌ను అల్యూమినియంతో కలిపి చేసిన పట్టీలతో చివరకు చిక్కు తీరింది. 1967లో కాస్మో స్పోర్ట్ అనే కారు బయటికి వచ్చింది. 1991లో నాలుగు రోటర్ల మాజ్డా 787బీ కారు ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెం గెలిచింది. ఆ పందెం గెలిచిన మొదటి జపాన్ కారు అదే.

ఇంజనుకు నాడి చూడటం

పాత ఆర్‌ఎక్స్-7 కొనదలచినవారు ముందు చూడవలసింది మెరిసే రంగును కాదు, ఆ పట్టీల ఆరోగ్యాన్ని. ప్లగ్గు విప్పి, అక్కడ పీడనమాపకం బిగించి, స్టార్టరు మోటారుతో ఇంజనును తిప్పుతారు. నిమిషానికి 250 చుట్ల దగ్గర ప్రతి గదిలోనూ పీడనం చదరపు సెంటీమీటరుకు 6 కిలోగ్రాములకు తగ్గకూడదు. మూడు గదుల మధ్య తేడా ఒకటిన్నర కిలోగ్రాములు మించకూడదు. పరికరం లేనివారు చెవినే పరికరం చేసుకుంటారు. ప్లగ్గు రంధ్రం నుంచి ఫుస్, ఫుస్, ఫుస్ అని మూడు శబ్దాలు సమానంగా వినిపించాలి. రెండు గట్టిగా, ఒకటి నీరసంగా వినిపిస్తే ఏదో పట్టీ అరిగిందనో, విరిగిందనో, మసిలో బిగుసుకుందనో అర్థం.

ఈ పట్టీలు ఎండిపోకుండా ఒక చిన్న పంపు కొద్దికొద్దిగా నూనెను లోపలికి పంపుతుంది. ఆ నూనె పెట్రోలుతో పాటు మండిపోతుంది. కాబట్టి ఈ కారులో నూనె తగ్గడం జబ్బు కాదు, తగ్గకపోతేనే అనుమానించాలి! ఇది తెలియని యజమాని నూనె మట్టం చూడటం మరిచిపోతే, ఇంజను నష్టపోతుంది.

వేడి మరొక శత్రువు. ఇనుప పలకల మధ్య అల్యూమినియం గదులను పేర్చి, పొడవైన బోల్టులతో బిగించినదే ఈ ఇంజను. 100 డిగ్రీలు వేడెక్కితే 140 మిల్లీమీటర్ల అల్యూమినియం సుమారు 0.32 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతే పొడవున్న పోత ఇనుము అందులో సగమే పెరుగుతుంది. వాటి మధ్య నీరు కారకుండా పెట్టిన రబ్బరు వలయాలు ఏళ్ల తరబడి ఈ తోపులాటను భరిస్తాయి. ఒక్కసారి ఇంజను అతిగా వేడెక్కితే అవి ఓడిపోతాయి, నీరు మండే గదిలోకి చేరుతుంది. అందువల్లనే తెలిసిన యజమాని ఇంజను శక్తిని పెంచే ముందు రేడియేటరును, నూనె చల్లబరిచే భాగాన్ని బాగుచేస్తాడు.

లోపల తినే పురుగు

ఇంజనును మళ్లీ కట్టవచ్చు. తుప్పు పట్టిన ఒళ్లు బాగుచేయడం అంతకంటే కష్టం. ఇనుము, ఆక్సిజను, నీరు కలిస్తే తుప్పు పుడుతుందని మీకు తెలుసు. మంచు కురిసే దేశాల్లో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన నీటిలో విద్యుత్తు తేలికగా ప్రవహిస్తుంది కాబట్టి తుప్పు వేగం పెరుగుతుంది. చక్రాల పైనున్న వంపులు, తలుపుల కింది అంచులు ముందుగా పాడవుతాయి. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు పొక్కులు పొక్కులుగా లేస్తుంది.

పొక్కు మీద రంగు పూస్తే కొన్నాళ్లు అందంగానే ఉంటుంది, లోపల మాత్రం తుప్పు తింటూనే ఉంటుంది. సరైన వైద్యం ఒక్కటే. చెడిన రేకును శుభ్రమైన ఇనుము కనిపించేదాకా కోసివేసి, కొత్త రేకు అతికి, జింకు కలిసిన పూత వేయాలి. జింకు తాను ముందు క్షయమై ఇనుమును కాపాడుతుంది.

మార్పులు: దేనికి ఏ వెల?

ఇక ఔత్సాహికులకు ఇష్టమైన పని చూద్దాం. గాలి వచ్చే రంధ్రాన్ని అరగదీసి పెద్దది చేస్తే అది ముందుగా తెరుచుకొని ఆలస్యంగా మూసుకుంటుంది. ఎక్కువ వేగంలో ఎక్కువ మిశ్రమం లోపలికి వెళ్లి శక్తి పెరుగుతుంది. కాని తక్కువ వేగంలో తాజా మిశ్రమంలో పొగ కలిసి ఇంజను తడబడుతుంది, పెట్రోలు ఖర్చు కూడా పెరుగుతుంది. బరువైన గతిపాలక చక్రాన్ని తీసి తేలికది వేస్తే జడత్వం తగ్గి ఇంజను చురుగ్గా స్పందిస్తుంది. ఎర్ర దీపం దగ్గర నిలబడి నెమ్మదిగా కదలాలంటే మాత్రం కష్టమవుతుంది. టర్బో అమర్చి గాలిని బలవంతంగా నెడితే శక్తి ఎంతో పెరుగుతుంది. మిశ్రమంలో పెట్రోలు కాస్త తగ్గినా, నిప్పురవ్వ కాస్త ముందు వచ్చినా మిశ్రమం పేలినట్లు మండుతుంది. ఆ దెబ్బకు ఎపెక్స్ సీలు విరుగుతుంది. విరిగిన ముక్క గోడనూ రోటరునూ గీరేస్తుంది. వేలెడంత పట్టీ కోసం ఇంజను మొత్తం పోతుంది.

బ్రేకుల సంగతి ఆలోచించండి. ఈ కారు బరువు సుమారు 1,050 కిలోగ్రాములు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో దాని గతిశక్తి సుమారు 4,05,000 జౌళ్లు. కారును ఆపినప్పుడు అందులో చాలా భాగం బ్రేకుల్లో వేడిగా మారుతుంది. అది లీటరుంపావు నీటిని కాచి మరిగించడానికి చాలినంత వేడి! వేగం 140కి పెరిగితే, అంటే 1.4 రెట్లయితే, గతిశక్తి దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే అది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం ద్రవం కొత్తది 205 డిగ్రీల వరకు మరగకూడదు, తేమ పీల్చినదానికి ఆ హద్దు 140 డిగ్రీలే. ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు చేరతాయి. ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడలు ఎంత తొక్కినా బ్రేకు పడదు. అందుకే ముందు బ్రేకు, తర్వాతే వేగం. ఈ వరుస తప్పినవారు పణంగా పెడుతున్నది కారును మాత్రమే కాదు, రోడ్డు మీద నడిచే మనుషుల ప్రాణాలను కూడా.

మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. మోటారు సైకిలు సైలెన్సరు విప్పి వీధిలో చెవులు చిల్లులు పడేలా తిరిగే అన్నలకు ఈ సంగతి మీరే చెప్పవచ్చు.

బాగుచేయడం కూడా విజ్ఞానమే

రోటరీ ఇంజనుకు పెట్రోలు దాహం ఎక్కువ. దాని గది పొడవుగా, సన్నగా ఉండటం వల్ల మంట అంచులదాకా పాకకముందే కొంత ఇంధనం కాలకుండా పోతుంది. 1973 నాటి చమురు సంక్షోభంలో మాజ్డా పెద్ద దెబ్బ తిన్నది ఇందుకే. ఈ ఇంజను మళ్లీ 2023లో ఎంఎక్స్-30 అనే కారులో కనిపించింది. ఒకే రోటరుతో, చక్రాలను తిప్పడానికి కాకుండా విద్యుత్తు పుట్టించడానికి దానిని అమర్చారు.

కాని పాత ఆర్‌ఎక్స్-7లు మళ్లీ తయారుకావు. పాడైన ప్రతి ఇంజను గదితో, తుప్పుకు బలైన ప్రతి ఒంటితో అవి ఒక్కొక్కటి తగ్గిపోతున్నాయి. వాటిని బతికిస్తున్నది పెద్ద కర్మాగారాలు కాదు. కొలిచి చూసే ఓపిక, చెవి ఒగ్గి వినే అలవాటు, విప్పిన ప్రతి బోల్టునూ వరుసగా పేర్చుకునే క్రమశిక్షణ ఉన్న మనుషులు. ఈ గుణాలు మీ ఇంటి సైకిలు గొలుసుకు నూనె వేసేటప్పుడు కూడా పనికివస్తాయి.

మీరే చేయండి: 13బీ అనే ఇంజనులో రోటరు మందం 80 మిల్లీమీటర్లు, మిగిలిన కొలతలు 12ఏలో ఉన్నవే. రెండు రోటర్లు కలిపి ఇంజను పరిమాణం ఎంత? 1,309కి దగ్గరగా వస్తే మీ లెక్క సరైనదే!