సర్వరుకు కావలి: ప్యాకెట్టులను వడకట్టు ఫైర్‌వాల్

కర్నూలులో పాత కోటకు గుర్తుగా నిలిచియున్న కొండారెడ్డి బురుజును, జమ్మలమడుగు సమీపమున పెన్నానది లోయ అంచుననున్న గండికోటను మన విద్యార్థులలో పలువురు చూచియుందురు. కోటకు గోడ ఎంత అవసరమో గుమ్మమును అంత అవసరము. గుమ్మము లేనిచో లోనికి ధాన్యము రాదు. గుమ్మమున కావలి లేనిచో గోడ యుండియు ఫలము లేదు. ఇంటర్నెట్టుతో కలిసియున్న ప్రతి కంప్యూటరునకును ఇదే సమస్య కలదు. దానికి పరిష్కారమే ఫైర్‌వాల్. ఒక ఇంటి మంట పొరుగింటికి అంటకుండ కట్టు గోడకు పూర్వము ఈ పేరుండెను.

ప్యాకెట్టు అనగా నేమి?

ఇంటర్నెట్టులో ఏ సమాచారమును ఏకముగా ప్రయాణము చేయదు. 3 లక్షల బైట్ల ఛాయాచిత్రమును పంపినచో, అది సుమారు 1,500 బైట్లకు మించని చిన్న చిన్న పొట్లములుగా, అనగా రెండువందలకు పైగా ప్యాకెట్టులుగా విడిపోవును. ప్రతి ప్యాకెట్టుపై, తపాలా కవరుపై వలె, పంపినవారి చిరునామా, చేరవలసిన చిరునామా ఉండును. ఇవిగాక పోర్టు అను ఒక సంఖ్య కూడ ఉండును. చిరునామా ఇంటిని తెలుపగా, పోర్టు ఆ ఇంటిలో ఏ తలుపు తట్టవలెనో తెలుపును. పోర్టు సంఖ్యలు 0 మొదలు 65,535 వరకు కలవు. భద్రమైన వెబ్ పుటలకు 443, దూరమునుండి సర్వరును నడుపు ఎస్‌ఎస్‌హెచ్‌కు 22 వాడుక.

కర్నూలు-కడప కాలువపై తూము నీటినంతటిని ఒకే తీరున వదలును, లేదా ఆపును. ఫైర్‌వాల్ అట్లు గాక, ప్రతి ప్యాకెట్టుపై వ్రాతను చదివి, దేనికది విడిగా తీర్పు చెప్పును. లినక్స్‌లో ఈ పని చేయునది కెర్నెల్‌లోని నెట్‌ఫిల్టర్ అను భాగము. దానికి ఆజ్ఞలిచ్చుటకు 2001లో వచ్చిన ఐపీటేబుల్స్, 2014లో వచ్చిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్ అను సాధనములు కలవు. ఓపెన్‌బీఎస్‌డీలో పీఎఫ్ అనునది ఇదే పని చేయును.

నియమముల వరుస

ఆదోనిలో గాని, ప్రొద్దుటూరులో గాని ఒక ఉన్నత పాఠశాలలో పాఠములను, మార్కులను ఉంచు లినక్స్ సర్వరు ఒకటి ఉన్నదనుకొందము. పాఠశాల కంప్యూటర్ల చిరునామాలు 192.168.10.0 నుండి 192.168.10.255 వరకు ఉన్నవనుకొందము. అప్పుడు లోనికి వచ్చు ప్యాకెట్టులకు నియమములు ఇట్లుండవలెను.

1. సర్వరు తనతో తాను మాట్లాడుకొను మార్గమును అనుమతింపుము.
2. ఇదివరకే మొదలైన సంభాషణకు చెందిన ప్యాకెట్టులను అనుమతింపుము.
3. దారి క్షేమమును తెలుపు ఐసీఎంపీ సందేశములలో అవసరమైనవానిని అనుమతింపుము.
4. పోర్టు 22కు పాఠశాల చిరునామాలనుండి మాత్రమే అనుమతింపుము.
5. పోర్టు 443కు అందరిని అనుమతింపుము.
6. మిగిలినదంతయు త్రోసివేయుము.

ఆరవ నియమమే దీనికి ప్రాణము. చెడ్డవారి జాబితా వ్రాసి మిగిలినవారిని రానిచ్చుట సులభముగ తోచును గాని, ఆ జాబితా ఎన్నటికిని పూర్తికాదు. కావలసినవారిని పేర్కొని తక్కినవారిని ఆపుటయే క్షేమము.

రెండవ నియమము లేనిచో ఏమగును? సర్వరు క్రొత్త సాఫ్ట్‌వేరు కొరకు తానే బయటికి ప్రశ్న పంపును. దాని జవాబు ఆరవ నియమము తగిలి గుమ్మమునందే నశించును. అందుచే కెర్నెల్ ప్రతి సంభాషణను పట్టికలో గుర్తుంచుకొని, జవాబులను పోల్చుకొనును. మూడవ నియమమును ఐపీ ఆరవ రూపాంతరము వాడుచోట మరువరాదు. అందు పొరుగు యంత్రములను కనుగొనుటకే ఐసీఎంపీ కావలెను.

వరుసయు ముఖ్యమే. ఎన్‌ఎఫ్‌టేబుల్స్ ఒక గొలుసులోని నియమములను పైనుండి క్రిందికి చదివి, ‘అనుమతి’ లేక ‘త్రోపు’ అను తీర్పు దొరకిన వెంటనే ఆ గొలుసులో ఆగును. పీఎఫ్ అట్లు గాదు. సరిపోయిన నియమములలో చిట్టచివరిదే చెల్లును. ‘క్విక్’ అను మాట చేర్చిననే అచ్చట ఆగును. ఒకదానికి వ్రాసిన నియమములను రెండవదానికి అదే వరుసలో దించినచో తలుపులు తారుమారగును.

తాళము వేసి చెవి లోపల మరచుట

కర్నూలులో కూర్చుండి కడపలోని సర్వరుకు నియమములు వ్రాయు ఉపాధ్యాయుడు నాలుగవ నియమములో ఒక అంకె తప్పినచో, తానే వెలుపల చిక్కును. కడపకు బస్సెక్కక తప్పదు. కాబట్టి మూడు జాగ్రత్తలు అవసరము. ముందుగా ఫైలులో వ్రాసి, అమలు చేయకయే అందలి భాషాదోషములను పరీక్షింపవలెను. అయిదు నిమిషములకు పాత నియమములు తమంత తామే తిరిగివచ్చునట్లు గడువు పెట్టి, పిదప క్రొత్తవానిని అమలు చేయవలెను. చివరకు రెండవ కిటికీ తెరచి క్రొత్తగా ప్రవేశింప జూడవలెను. పాత కిటికీ పనిచేయుచున్నదని సంతసింపరాదు. దానిని రెండవ నియమము బ్రతికించుచుండవచ్చును! క్రొత్త ప్రవేశము సఫలమైనచో గడువును రద్దుచేసి, యంత్రము మరల మొదలైనపుడు కూడ నియమములు అమలగునట్లు భద్రపరుపవలెను.

కావలి చేయలేని పని

2017 మే 12న వన్నాక్రై అను పురుగు నూటయేబదికి పైగా దేశములలో వ్యాపించి, కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి డబ్బు అడిగినది. మన రాష్ట్రమున కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లును, తిరుమల తిరుపతి దేవస్థానము వారి కొన్ని కంప్యూటర్లును దీనికి గురియైనవి. అది విండోస్ యంత్రములలో పోర్టు 445 ద్వారా ఒకదానినుండి మరొకదానికి ప్రాకెడిది. ఆ పోర్టును గుమ్మమున మూసినచో బయటినుండి అది రాలేదు. అయితే ఒకసారి లోన ప్రవేశించిన పురుగును గుమ్మమందలి కావలి ఆపలేదు. ప్రతి యంత్రమునకును తన కావలి ఉండవలెను. అంతేగాక, ఆ లోపమును సరిచేయు సవరణను మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే విడుదల చేసినది. దానిని వేసికొన్నవారికి ఆ త్రోవ మూసికొనిపోయినది.

ఫైర్‌వాల్ కవరుపై వ్రాతను చదువును గాని, లోని ఉత్తరమును చదువదు. తెరచియుంచిన 443 తలుపున వచ్చు మోసమును అది ఎరుగదు. సవరణలు, గట్టి సంకేతపదములు, వేరుచోట దాచిన ప్రతులు దానికి తోడుండవలెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో కంప్యూటరు లేకయే చూపవచ్చును. పై ఆరు నియమములను నల్లబల్లపై వ్రాసి, చిరునామా, పోర్టు సంఖ్య గల ఇరువది చీటీలను విద్యార్థులకు పంచి, ఒక్కొక్క చీటీకి తీర్పు చెప్పింపవలెను. పిదప ఆరవ నియమమును మొదటికి మార్చి మరల ఆడింపవలెను. ఒక్క చీటీయు లోనికి రాకపోవుట చూచిన విద్యార్థి నియమముల వరుస విలువను మరువడు.