ఒంట్లో జల్లెడ చిల్లుపడకముందే...

కాఫీ ఫిల్టరు కన్నాలు పూడుకుపోతే పొయ్యి మీద కాల్చి మరీ శుభ్రం చేస్తాం. టీ వడగట్టే జాలీ చిరిగితే కొత్తది కొనుక్కుంటాం. మరి మన ఒంట్లో రాత్రీ పగలూ ఆగకుండా నెత్తురు వడగట్టే జల్లెడలు రెండున్నాయి. అవి ఎక్కడుంటాయో, ఏం చేస్తాయో ఎప్పుడైనా ఆలోచించారా? మూత్రం మాట పైకి ఎత్తడానికే మనకి మొహమాటం. ఆ మొహమాటమే చాలాసార్లు మన కొంప ముంచుతుంది. అందుకే ఇవాళ సిగ్గు పక్కన పెట్టి ఆ సంగతులే మాట్లాడుకుందాం.

అవి ఎక్కడున్నాయి?

చెయ్యి వెనక్కి పెట్టి పక్కటెముకలు ముగిసే చోట తడిమి చూసుకోండి. వెన్నెముకకి అటొకటి, ఇటొకటి మూత్రపిండాలుంటాయి. మనం కిడ్నీలంటామే, అవే. చిక్కుడు గింజ ఆకారం, ఇంచుమించు మన పిడికిలంత సైజు. ఒక్కోటి 150 గ్రాములు తూగుతుందేమో, అంతే! కుడివైపు పైన కాలేయం ఉంటుంది కనుక కుడి కిడ్నీ కాస్త కిందకి ఉంటుంది.

ఒక్కో కిడ్నీ నుంచి సన్నని గొట్టం ఒకటి కిందకి దిగుతుంది. ఇవే మూత్రనాళాలు. పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. ఇవి రెండూ పొత్తికడుపులో ఉన్న మూత్రాశయంలోకి చేరతాయి. మూత్రాశయం బెలూన్ లాంటి కండర సంచి. అందులో రెండు వందల మిల్లీలీటర్లు చేరేసరికే 'ఇక వెళ్ళాలి' అనిపిస్తుంది. నాలుగైదు వందలకి నిండిపోతుంది. అక్కడి నుంచి బయటికి వచ్చే దారే మూత్రమార్గం.

ఇవి చేసే చాకిరీ

కిడ్నీలు రోజుకి సుమారు 180 లీటర్ల ద్రవం వడగడతాయి. అంటే పదిహేను లీటర్ల బిందెలు పన్నెండన్నమాట! ఒంట్లో ఉన్న నెత్తురే ఐదు లీటర్లు కదా, ఇదెలా అంటారా? అదే నెత్తురు తిరిగి తిరిగి కిడ్నీల్లోకి వస్తుంది. ఒక్కో కిడ్నీలో ఇంచుమించు పది లక్షల బుల్లి జల్లెడలున్నాయి. వీటిని నెఫ్రాన్లంటారు.

పండక్కి అటక సర్దేటప్పుడు ఏం చేస్తాం? ముందు సామానంతా కిందకి దింపుతాం. కావలసినవి తిరిగి పైన పెట్టి, చెత్త బయట పారేస్తాం. నెఫ్రాన్లూ అంతే. నీళ్ళు, ఉప్పు, చక్కెర, యూరియా అన్నీ ముందు బయటికి తీస్తాయి. తర్వాత నీళ్ళలో చాలాభాగం, చక్కెర, కావలసినంత ఉప్పు మళ్ళీ నెత్తురుకి అప్పగిస్తాయి. మిగిలిన లీటరున్నరో, రెండు లీటర్లో మూత్రంగా బయటికి పోతుంది. నెత్తురులోని కణాలు, మాంసకృత్తులు మాత్రం ఈ జల్లెడ దాటకూడదు. దాటాయంటే ఎక్కడో చిల్లు పడిందన్నమాటే.

కిడ్నీల పని వడగట్టడంతో అయిపోదు. బి.పి.ని అదుపులో ఉంచేది ఇవే. నెత్తురు పట్టమని ఎముక మజ్జకి కబురు పంపేవీ ఇవే. విటమిన్ డి ఎముకలకి అందేలా తయారుచేసేవీ ఇవే. అందుకే కిడ్నీలు పాడైన వాళ్ళకి రక్తహీనత, ఎముకల నొప్పులు కూడా వస్తాయి.

ఆడవాళ్ళకే ఎందుకీ బాధ?

మగవాళ్ళ మూత్రమార్గం 20 సెంటీమీటర్ల దాకా ఉంటే మనది నాలుగే. మలద్వారం దగ్గరే ఉండటంతో అక్కడి సూక్ష్మక్రిములు ఇట్టే లోపలికి పాకుతాయి. ఆపైన మన అలవాట్లొకటి! బస్సు ప్రయాణమంటే ముందు రోజు నుంచే మంచినీళ్ళు మానేస్తాం. పెళ్ళింట్లో బాత్‌రూమ్ బాగుండలేదని గంటల తరబడి బిగబట్టుకుంటాం. నీళ్ళు తాగకపోతే క్రిములు కొట్టుకుపోవు, బిగబడితే లోపలే పెరుగుతాయి.

మంట, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, పొత్తికడుపు నొప్పి, మూత్రం వాసన కొట్టడం, ఇవి ఇన్‌ఫెక్షన్ గుర్తులు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి తోడైతే అది కిడ్నీ దాకా పాకిందేమో! ఆలస్యం చెయ్యకండి. గర్భిణులైతే మంట కొద్దిగా ఉన్నా డాక్టరుకి చూపించుకోవాలి. నెలలు నిండకుండా కాన్పు వచ్చే ప్రమాదం ఉంది. డాక్టరు ఐదు రోజులు మందులు వాడమంటే ఐదు రోజులూ వాడాలి. రెండో రోజుకే మంట తగ్గిందని మానేస్తే అది మళ్ళీ తిరగబెడుతుంది.

ఆడపిల్లలకి చిన్నప్పటి నుంచే ముందు నుంచి వెనక్కి కడుక్కోవడం నేర్పండి. స్కూలు నుంచి రాగానే పిల్ల బాత్‌రూమ్‌కి పరుగెడుతోందా? అక్కడ వెళ్ళడం లేదేమో అడగండి.

నలభై దాటాక దగ్గినా, నవ్వినా ఒక చుక్క పడుతోందని కుమిలిపోయే అక్కచెల్లెళ్ళు ఎందరో! కాన్పుల్లో కింది కండరాలు వదులవడం దీనికి ముఖ్య కారణం. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలనే అయిదు సెకన్లు బిగించి వదలాలి. పూటకి పదిసార్ల చొప్పున రోజూ మూడు పూటలా చేస్తే కొన్ని నెలల్లో చాలామందికి గుణం కనిపిస్తుంది.

చప్పుడు చెయ్యని శత్రువు

కిడ్నీ జబ్బు చాలా భాగం ముదిరేదాకా బయటపడదు. కాళ్ళు, కళ్ళకింద వాపు, మూత్రంలో నిలిచిపోయే నురగ, ఆకలి చచ్చిపోవడం, ఇవన్నీ ఆలస్యంగా కనపడేవే. షుగరు, బి.పి. ఉన్నవాళ్ళకి ముప్పు ఎక్కువ. కానీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, పలాస వైపు పల్లెల్లో షుగరు లేనివాళ్ళకీ కిడ్నీలు పాడవుతున్నాయి. పచ్చని కొబ్బరి, జీడి తోటల సీమ అది. ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలిసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషను దగ్గర పడుకోవాలి. ఆ ఇంటి ఇల్లాలి అవస్థ ఊహించుకోండి.

వంటింట్లో మన జాగ్రత్తలు

* మనిషికి రోజుకి ఉప్పు ఒక టీ స్పూను మించకూడదు. పచ్చడి, అప్పడం, వడియంలోని ఉప్పు కూడా లెక్కలోదే.

* ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు రెండు, రెండున్నర లీటర్ల నీళ్ళు తాగాలి. ఎండాకాలంలో ఇంకాస్త ఎక్కువ. మూత్రం లేత పసుపులో ఉంటే నీళ్ళు సరిపోయినట్టే. బి కాంప్లెక్స్ బిళ్ళ వేసుకున్న రోజు పచ్చగా ఉంటే, బీట్‌రూట్ తిన్న రోజు ఎర్రబడితే కంగారు పడకండి. ఏ కారణం లేకుండా ఎర్రగా వస్తే మాత్రం నొప్పి లేకపోయినా చూపించుకోండి.

* బార్లీ నీళ్ళు, మజ్జిగ మంచివే. కానీ రాళ్ళనొప్పికి కొండపిండి ఆకు కషాయం తాగుతూ నెలలు గడపకండి. రాయి నాళానికి అడ్డుపడితే పైన కిడ్నీ ఉబ్బి పాడైపోతుంది.

* కిడ్నీ జబ్బు వచ్చినవాళ్ళకి మాత్రం లెక్కలు వేరు. పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం. కొబ్బరి నీళ్ళు, అరటిపళ్ళు, నీళ్ళ కొలత అన్నీ డాక్టరు చెప్పినట్టే. కూరలు తరిగి ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండితే కొంత పొటాషియం పోతుంది. ఉప్పు బదులు వాడే కొన్ని 'లో సోడియం' ఉప్పుల్లో పొటాషియమే ఉంటుంది, వాళ్ళకి పనికిరావు.

* మోకాళ్ళ నొప్పులకి షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ళలు రోజూ మింగడం కిడ్నీలకి పెద్ద చేటు.

షుగరు, బి.పి. ఉన్నవారు ఏడాదికోసారి సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు తప్పక చేయించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బుంటే మిగతావాళ్ళూ డాక్టరుని అడిగి చేయించుకుంటే మంచిది. పెద్ద ఖర్చున్న పరీక్షలు కావివి. మామగారికి, మావారికి పరీక్షలు గుర్తుపెట్టుకుని చేయించే మనం, ఆ చీటీలో మన పేరు కూడా రాయించుకుందాం. ఈ వారమే!