జర్మనీలో రసాయన పరిశోధనోద్యోగములు: అపోహలు – వాస్తవములు

విదేశములలోని రసాయన పరిశ్రమలలో పరిశోధకులుగా చేరగోరు మన యువకుల మాటలు విన్నప్పుడెల్ల, వీరు భయపడనక్కరలేని చోట భయపడి, భయపడవలసిన చోట నిశ్చింతగా నుందురని తోచును. జర్మనీ విషయమున నిది మరింత స్పష్టము.

అందరి మొదటి భయము వీసా. అమెరికాలో హెచ్-1బి వీసాలు ఏటికి 65,000, అచ్చటి ఉన్నతపట్టము గలవారికి మరి 20,000 మాత్రమే యగుటచే పరిశ్రమలలో చేరువారికి లాటరీ తప్పదు గనుక, జర్మనీలోను నట్లే యుండునని పలువురు తలంతురు. అచ్చట లాటరీ ప్రసక్తియే లేదు. గుర్తింపు గల పట్టమును, దానికి దగిన ఉద్యోగపు ఒప్పందమును, చట్టము విధించిన కనీస వేతనమును ఉన్నచో రసాయన శాస్త్రజ్ఞునకు ‘బ్లూ కార్డు’ అను నివాసోద్యోగానుమతి లభించును. ఆ వేతనపరిమితియు ప్రకృతిశాస్త్రజ్ఞులకు కొంత తక్కువయే.

ప్రచురిత వ్యాసముల సంఖ్యను బట్టియే ఉద్యోగము వచ్చుననుట విశ్వవిద్యాలయపు గాలి సోకినవారి భ్రమ. మిల్లీగ్రాముల కొలది పదార్థముతో ఫ్లాస్కులో సాఫీగా సాగిన చర్య వందల లీటర్ల రియాక్టరులో మొరాయింపవచ్చును. ఏలయన, పాత్ర పెద్దదగుకొలది ఘనపరిమాణముతో పోల్చినచో ఉపరితలము తగ్గి, పుట్టిన వేడి వెలికి బోవు త్రోవ సన్నగిల్లును. ఇంటి గిన్నెలో అన్నము వండిన చేయి పెండ్లివారి గుండిగను వార్చలేదు గదా! ఆ వేడి నెట్లు అణచితివి, మలినములు ఎచ్చట పుట్టినవి, ద్రావణిని మరల రాబట్టుట యెట్లు అని యడిగినచో తడబడక చెప్పగలవానినే పరిశ్రమ కోరును. 1913లో జర్మనీలోని ఓపౌలో అమోనియా కర్మాగారమును నడిపించిన కార్ల్ బోష్‌కు 1931లో నోబెల్ బహుమానము వచ్చినది ఇట్టి పనికే.

పోస్ట్‌డాక్ అను డాక్టరేటు పిమ్మటి తాత్కాలిక పరిశోధన లేనిదే పరిశ్రమ తలుపు తెరువదనుటయు సరికాదు. డాక్టరేటు ముగియగానే నేరుగా చేరువారు అచ్చట పెక్కండ్రు.

ఇక ఆంగ్లము చాలునను ధీమా. బ్లూ కార్డునకు జర్మను భాష అక్కరలేదనుట నిజమే. కాని డాక్టరేటు గలవాడు సాధారణముగా ప్రయోగశాలకు నాయకుడుగా చేరును. బల్లకడ నిలిచి పని నడుపువారు మూడున్నరేండ్ల వృత్తిశిక్షణ పొందిన లాబొరాంట్లు, వారి మాటలును, వారి హెచ్చరికలును, వారి పరిహాసములును జర్మనులోనే. పైగా బ్లూ కార్డు గలవారిలో, భాష మధ్యమమగు బి1 స్థాయికి వచ్చినవానికి శాశ్వతనివాసము 21 నెలలకు, ప్రాథమికస్థాయితో ఆగినవానికి 27 నెలలకు లభించును.

పట్టపు గుర్తింపు చూచిపెట్టుదుమను ఏజెంట్ల మాట రెండు ముక్కలలో చెప్పవచ్చును. మన విశ్వవిద్యాలయమునకు జర్మనీ గుర్తింపు కలదో లేదో ‘అనాబిన్’ అను అచ్చటి అధికారిక పట్టికలో ఎవరైనను ఉచితముగా చూచుకొనవచ్చును. పేరునకెదురుగా ‘హెచ్ ప్లస్’ అని యున్నదా యని చదువుటకు ఒకనికి లక్షలు చెల్లించుట దేనికో నాకు బోధపడదు.