తోకలో కత్తి, నోట్లో నాచు

పగడం అనగానే మన తిరుపతి వైపు వాళ్లకు గుర్తొచ్చేది కుజదోషం పోవాలని వేలికి పెట్టుకునే ఎర్రరాయి. నిజానికది రాయి కాదు. మధ్యధరా సముద్రం అడుగున పెరిగే చిన్న జీవుల అస్థిపంజరం. దాని దూరపు చుట్టాలే వెచ్చని సముద్రాల్లో, లోతు తక్కువ నీళ్లలో సున్నపు గూళ్లు పేర్చుకుంటూ దిబ్బలు కడతాయి. ఆ దిబ్బల మీద కలుపు తీసే చేపల్లో ఒకటి పౌడర్ బ్లూ సర్జన్ ఫిష్.

లేతనీలి ఒళ్లు, నల్లటి ముఖం, వీపున పసుపుపచ్చ రెక్క. 1833లో ఇంగ్లండు జంతుశాస్త్రవేత్త బెన్నెట్ దీనికి అకాంథూరస్ లూకోస్టెర్నాన్ అని పేరు పెట్టాడు. ముల్లుతోక, తెల్లరొమ్ము అని ఆ గ్రీకు మాటల అర్థం. తోక మొదట్లో అటొకటి ఇటొకటి పదునైన ముళ్లుంటాయి. పొలుసే అలా మారింది. మామూలప్పుడు మడతకత్తిలా గాడిలో ఒదిగి ఉంటాయి. తోక ఝాడిస్తే బయటికొస్తాయి. ఏమరుపాటుగా పట్టుకుంటే చెయ్యి తెగుతుంది. సర్జన్ అన్న పేరు అందుకే.

ఇంత కత్తి పెట్టుకున్న చేప తినేది నాచు. కత్తి వేటకు కాదు, తనను తాను కాపాడుకోవడానికీ, మేత దగ్గర పోటీకొచ్చిన వాళ్లను తరమడానికీ. వేరుశనగ చేలో కలుపు వదిలేస్తే ఏమవుతుందో, నాచు మేసేవి లేకపోతే పగడపు దిబ్బకూ అదే గతి. వెలుతురు అందదు, పగడపు పిల్లలు అతుక్కోవడానికి చోటు దొరకదు. 1998లో సముద్రం వేడెక్కి లక్షద్వీప్, మాల్దీవుల పగడాలు పాలిపోయి పెద్దయెత్తున చనిపోయాయి. అలాంటి దిబ్బ మళ్లీ చిగురించాలంటే ముందు నాచు అదుపులో ఉండాలి.

2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డ తిరుపతి జిల్లాకు తడ, సూళ్లూరుపేట వైపు సముద్రమూ వచ్చింది. మరి ఈ చేప ఇక్కడెందుకు లేదు? పగడపు దిబ్బలు లేవు కాబట్టి. దిబ్బలు కట్టే పగడాల ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. ఎండ సాయంతో అది వండే ఆహారమే పగడాలకు ప్రధానమైన తిండి. కాబట్టి నీళ్లు తేటగా ఉండాలి. ఉప్పూ తగ్గకూడదు. మన తీరానికి గోదావరి, కృష్ణ, పెన్న మొదలుకొని శ్రీకాళహస్తిని ఆనుకుని పారే స్వర్ణముఖి దాకా అన్నీ మంచినీళ్లూ ఒండ్రూ మోసుకొస్తాయి. పులికాట్ సరస్సులోనైతే వానలకు ఉప్పు తగ్గి, ఎండలకు పెరుగుతుంది.

అందుకే ఆ నీలిచేపను చూడాలంటే లక్షద్వీప్ లాంటి పగడపు దీవులకు పోవాలి. పగడాలకు గిట్టని ఆ బురదలోనే పులికాట్ ఫ్లెమింగోలు ముక్కు తలకిందులుగా పెట్టి మేత ఏరుకుంటాయి.