కారు అద్దం అంచున ఈల

అద్దాలన్నీ పూర్తిగా ఎత్తి ఉన్నా, కారు వేగం ఎనభై దాటగానే చెవి పక్కన గాలి చప్పుడు మొదలైతే తలుపు ఎక్కడో సరిగా మూసుకోవడం లేదన్న అనుమానం వస్తుంది. సన్నగా ఈల వేసినట్టుంటే సందు చిన్నది. హోరుమంటే రబ్బరు చాలా మేర ఆనడం లేదు. ఊళ్లో తిరిగేటప్పుడు ఇదేదీ బయటపడదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట వందలో పోతేనే తెలుస్తుంది.

పరుగెత్తే కారు పక్క అద్దం బయట గాలి ఒత్తిడి లోపలికంటే తగ్గుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో, చదరపు మీటరులో మూడో వంతు ఉండే అద్దాన్ని ఈ తేడా సుమారు పది కిలోల బలంతో బయటికి లాగుతుంది. 50లో ఆ లాగుడు పావు వంతే. తలుపు కింది సగం పెట్టెలా గట్టిగా ఉంటుంది. అద్దం చుట్టూ ఉండే చట్రం మాత్రం సన్నటి రేకు. కీళ్లూ లాకూ కిందే ఉంటాయి కనుక పై మూలను పట్టి ఉంచేది ఏదీ లేదు. అది కొంచెం బయటికి వంగినప్పుడు, జీవమున్న రబ్బరు ఉబ్బి సందు నింపుతుంది. ఏళ్లపాటు నలిగి చదునైన రబ్బరు ఆ పని చేయలేదు.

అయినా చప్పుడు వినగానే కొత్త రబ్బరు బీడింగు కొనడం తొందరపాటు. గాలి దూరే చోటును చెవి సరిగా పట్టలేదు. వెనక తలుపు చప్పుడు ముందు నుంచి వస్తున్నట్టుంటుంది. ఈ పనికి మాస్కింగ్ టేపును మించిన పరికరం లేదు. అద్దానికీ చట్రానికీ మధ్య, చట్రానికీ బాడీకీ మధ్య, సైడ్ మిర్రర్ మొదట్లో, బయటి నుంచి టేపు అంటించి అదే రోడ్డు మీద అదే వేగంతో నడపాలి. చప్పుడు ఆగితే ఒక్కో ముక్కా తీస్తూ మళ్లీ నడపాలి. ఏ ముక్క తీశాక తిరిగొస్తే సందు అక్కడే. టేపంతా ఉన్నా ఆగకపోతే తలుపును వదిలి ముందు అద్దం అంచునో, పైనున్న క్యారియర్‌నో చూడాలి.

దుమ్ము రోడ్ల మీద తిరిగే కారుకైతే ఇంకో ఆనవాలు ఉంది. తలుపు తీసి చట్రం లోపలి అంచు చూస్తే, రబ్బరు ఆనే గీతను దాటి లోపలికి సన్నటి మట్టి చార కనిపిస్తుంది. గాలి వచ్చే దారి అదే. దాన్ని రూఢి చేసుకోవడానికి పది రూపాయల నోటు చాలు. నోటును మధ్యలో ఉంచి తలుపు వేసి లాగితే పట్టు తగలాలి. జారి వచ్చేస్తే అక్కడ బిగుతు లేనట్టే.

కొన్నిసార్లు ఖర్చే ఉండదు. ఊడిన బీడింగును చేత్తో నొక్కితే కూర్చుంటుంది. మురికి పట్టినదాన్ని సబ్బునీళ్లతో తుడిచి, ఆరాక సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. ఇంజన్ ఆయిలు, డీజిల్ రాస్తే ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. మార్చక తప్పకపోతే ఆ మోడల్‌దే తేవాలి. వేసేటప్పుడు సాగదీస్తే తర్వాత ముడుచుకుని మూలల్లో పలచబడుతుంది. యాక్సెసరీ షాపుల్లో దొరికే స్టిక్కర్ బీడింగు కొంత పనిచేస్తుంది గానీ, మందం ఎక్కువైతే తలుపును బాదాల్సి వస్తుంది.

లోపం రబ్బరులో కాక అద్దంలో ఉంటే స్విచ్ ఇంకోసారి పైకి లాగినప్పుడు చప్పుడు తగ్గుతుంది. అద్దం జారే ఛానల్‌లో మట్టి చేరినా, అద్దం ఒక పక్కకి ఒరిగినా పై అంచు పూర్తిగా ఆనదు. ఒరిగినదాన్ని సరిచేయాలంటే డోర్ ప్యాడ్ విప్పాలి. అది మెకానిక్‌కు వదిలేయడమే మేలు.

పక్క సీట్లోవాళ్లు తమ వైపు చట్రం పై మూలను లోపలికి లాగి పట్టినప్పుడు చప్పుడు తగ్గితే, తప్పు తలుపు కూర్చునే తీరుది. ముందుగా తలుపు తీసి పైకెత్తి చూడాలి. ఊగితే కీళ్లు అరిగాయి. కీళ్లు బాగుంటే స్ట్రైకర్ సంగతి చూడాలి. అది లాకు పట్టుకునే ఇనుప కొక్కెం. దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, బోల్టులు వదులు చేసి, ఒక్క మిల్లీమీటరు లోపలికి జరిపి బిగించాలి. ఎక్కువ జరిపితే లాకు రెండో క్లిక్ దాకా పడదు, దారిలో తలుపు తెరుచుకునే ప్రమాదం ఉంది. టింకరింగ్ షెడ్లలో మోకాలు ఆనించి చట్రాన్నే వంచేస్తారు. పనిచేస్తుంది గానీ పెయింటు పగలొచ్చు, అన్నీ అయ్యాకే దాని జోలికి వెళ్లాలి.

కొత్త బీడింగు వేసిన తొలి రోజుల్లో తలుపు గట్టిగా వేయాల్సి వస్తుంది. కొన్ని వారాల్లో రబ్బరు సర్దుకుంటుంది. అప్పటికీ బిగుతు తగ్గకపోతే స్ట్రైకర్‌ను వెంట్రుకవాసి బయటికి జరిపితే సరిపోతుంది.