కడలి దాటిన కష్టజీవులు

పాలమూరు, నల్లగొండ సీమలు మెట్టభూములు. వానలు కురిసిన యేడు జొన్నయు ఆముదమును పండును. కురియని యేడు బ్రతుకుతెరువు వెదకుకొనుచు జనులు దూరప్రాంతములకు తరలిపోవుదురు. పాలమూరు కూలీలు గుంపుమేస్త్రీ యొద్ద ముందుగా కొంత పైకము పుచ్చుకొని, పిల్లాపాపలతో బయలుదేరి, దేశమందలి పెక్కు ఆనకట్టలకు మట్టి మోసిరి, రాయి పేర్చిరి. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన నల్లగొండ జిల్లాలోని నందికొండ కడ శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము అట్టి కష్టజీవుల చేతులమీదుగనే లేచినది. అప్పు, ఒప్పందము, దూరపు పని అను మూడును ఈ సీమవారికి క్రొత్తవి కావు. భూగోళమున ఆవలి వైపున ఒక చిన్న దేశమున్నది. అచ్చటి జనులలో మూడవవంతునకు పైగా ఇట్టి ఒప్పందముపై ఓడనెక్కిన భారతీయ కూలీల సంతతివారే. ఆ దేశమే ట్రినిడాడు-టొబాగో.

ఈ రెండు దీవులును కరేబియను సముద్రపు దక్షిణపు కొసను, వెనిజులా తీరమునకు చేరువలో నున్నవి. రెండింటి వైశాల్యమును కలిపి 5,128 చదరపు కిలోమీటర్లు. అనగా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మూడవవంతుకంటె కొంచెము ఎక్కువ మాత్రమే. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నగరము. ట్రినిడాడు దీవిలో లాబ్రే అను చోట సహజముగా ఏర్పడిన తారు చెరువు కలదు. సుమారు నూరెకరములు వ్యాపించిన ఆ చెరువు ప్రపంచమున పేరెన్నిక గన్నది. భూగర్భమున చమురును, సహజవాయువును లభించును.

1498వ సంవత్సరము జూలై 31వ తేదీన కొలంబసు ఈ దీవిని చూచి దీనికి 'ట్రినిడాడు' అని పేరిడెను. అంతకు వేలయేండ్లకు పూర్వమే ఇచ్చట ఆదిమజాతులవారు నివసించుచుండిరి. స్పెయినువారి రాకతో వచ్చిన వ్యాధులును, వెట్టిచాకిరియు వారిలో అనేకులను పొట్టన పెట్టుకొన్నవి. 1797లో ఆంగ్లేయులు ట్రినిడాడును వశపరచుకొనిరి. చెరకు తోటలలో పనిచేయుటకు ఆఫ్రికానుండి మనుష్యులను సంకెళ్లువేసి కొనితెచ్చిరి. 1834 ఆగస్టు 1వ తేదీన చట్టము బానిసత్వమును రద్దుచేసెను. 1838లో వారికి పూర్తి విముక్తి లభించెను. స్వేచ్ఛ పొందినవారు పాత యజమానుల తోటలలో చాలీచాలని కూలికి పనిచేయుట కిష్టపడలేదు. అప్పుడు తోటల యజమానుల దృష్టి భారతదేశముపై పడెను.

1845 మే 30వ తేదీన 'ఫతేల్ రజాక్' అను ఓడ రెండువందల పైచిలుకు భారతీయులతో ట్రినిడాడు చేరెను. కలకత్తా విడిచిన ఆ ఓడ నడిసంద్రమున గడపినది మూడు నెలలకు పైగా. నాటినుండి 1917 వరకు సుమారు 1,44,000 మంది ఇట్లు వెళ్లిరి. ఒప్పందము అయిదేండ్లకు. కూలి దినమునకు ఇరువదియైదు సెంట్లు. నివాసము పూర్వము బానిసలుండిన కొట్టములవంటి గదులలో. అనుమతి చీటి లేనిదే తోట గడప దాటరాదు; దాటినచో జరిమానా, లేదా చెరసాల. పని మానుట కూడ నేరముగనే ఎంచబడెను. సంకెళ్లు లేవన్నమాటే గాని, చట్టమే సంకెలయై వారిని బంధించెను.

ఓడ ప్రయాణము వారికి ఒక క్రొత్త బంధుత్వమును కల్పించినది. ఒకే ఓడలో వచ్చినవారు ఒకరినొకరు 'జహాజీ భాయి' అనగా 'ఓడ అన్నదమ్ముడు' అని పిలుచుకొనిరి. ఊరు వేరు, కులము వేరు, భాష వేరు అయినను కష్టము ఒక్కటే. ఆ బంధుత్వము తరతరములకు నిలిచెను.

ఈ కూలీలలో అధికసంఖ్యాకులు హిందీప్రాంతములవారు. కొన్ని ఓడలు మాత్రము చెన్నపట్టణమునుండి పోయినవి. వానిలో అరవలతోపాటు తెలుగువారును ఉండిరి. ట్రినిడాడులో వారినందరిని కలిపి 'మద్రాసీలు' అనిరి. కాళికాలయములలో వారి ఆచారములు కొన్ని నేటికిని మిగిలియున్నవి. అచ్చట పూజవేళ మ్రోగెడి చర్మవాద్యము పేరు 'తప్పు'. తెలంగాణమున జాతరలలో మ్రోగెడి డప్పునకు అది తోబుట్టువు. వాద్యము నిలిచినది గాని, వాయించువారి యిండ్లలో తెలుగు నిలువలేదు.

ఉత్సవములలోను ఇట్టి పోలిక గలదు. తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగను హిందువులును ముస్లిములును కలిసి జరుపుకొందురు. ట్రినిడాడులో అదియే 'హోసే' పండుగ. వెదురుతోను, రంగుకాగితముతోను చేసిన తాజియాలను ఊరేగించుటలో హిందువులు, ముస్లిములు, ఆఫ్రికా సంతతివారు కూడ పాల్గొనుచుండిరి. 1884 అక్టోబరు 30వ తేదీన ఊరేగింపులు పట్టణమున ప్రవేశింపరాదని శాసించిన ప్రభుత్వము సాన్ ఫెర్నాండో కడ జనముపై కాల్పులు జరిపించెను. పలువురు మరణించిరి. అయినను పండుగ ఆగలేదు.

ఆఫ్రికా సంతతివారి చరిత్రయు ఇట్టిదే. వారి డోళ్లపై ప్రభుత్వము నిషేధములు విధించెను. వారు వెదురు బొంగులను నేలపై కొట్టి తాళము వేసిరి. పిదప 1930, 1940 ప్రాంతములలో డబ్బాలను, చమురు పీపాలను సుత్తితో మలచి సప్తస్వరములు పలికించిరి. అదియే 'స్టీల్ పాన్' అను వాద్యము. పారవేసిన పీపా నేడు ఆ దేశమునకు జాతీయవాద్యము.

శివదాస్ సాధు అను కూలీ కథ అచ్చట ఇంటింట తెలిసినది. బాల్యమున తలిదండ్రులతో భారతదేశమునుండి వచ్చిన ఆయన చెరకు తోటలలో పనిచేసి, 1947లో వాటర్లూ గ్రామపు తీరమున చిన్న గుడి కట్టెను. ఆ నేల చెరకు కంపెనీది. 1952లో గుడిని పడగొట్టించి, సాధువును పదునాలుగు దినములు చెరసాలలో నుంచిరి. విడుదలయైన పిదప ఆయన, నేల కంపెనీదైనను కడలి ఎవ్వరిదియు కాదని తలచి, సముద్రములోనే గుడి కట్టబూనెను. పాటు వేళ నీరు వెనుకకు తీయగా, సైకిలుపై బకెట్లతో రాయియు, కాంక్రీటును మోసి, అలలలో త్రోవ వేసెను. ఏండ్ల తరబడి ఒంటిచేతితో సాగిన ఆ పని గుడిగా నిలిచెను. అలల తాకిడికి దెబ్బతినిన ఆ ఆలయమును, తొలి ఓడ వచ్చి నూటయేబదియేండ్లయిన సందర్భమున, 1995 నాటికి పునర్నిర్మించిరి.

ఒప్పందపు కూలీ పద్ధతిని రద్దుచేయవలెనని గోపాలకృష్ణ గోఖలే 1912లో కేంద్ర శాసనసభ యందు తీర్మానము ప్రవేశపెట్టెను. అప్పుడది నెగ్గలేదు. దేశమంతట ఆందోళన పెరుగగా 1917లో కూలీల ఎగుమతి ఆగిపోయెను. 1962 ఆగస్టు 31వ తేదీన ట్రినిడాడు-టొబాగో స్వతంత్రదేశమయ్యెను. చరిత్రకారుడైన ఎరిక్ విలియమ్స్ తొలి ప్రధానమంత్రి. తొలి ఓడ చేరిన నూటయేబదవ యేట, అనగా 1995లో, భారత సంతతివాడైన బాసుదేవ్ పాండే ప్రధానమంత్రి పదవి నధిష్ఠించెను. బానిసలు విముక్తులైన ఆగస్టు 1వ తేదీయు, కూలీలు చేరిన మే 30వ తేదీయు రెండును అచ్చట జాతీయ సెలవుదినములే. దీపావళియు అట్టిదే.

ట్రినిడాడు తెలుగువారి భాష ఏల మాసిపోయినది? వారు కొలదిమంది, చెదరిపోయిరి, బడి లేదు, తోడు లేదు. హిందూమహాసముద్రమందలి మారిషస్ దీవికి పోయిన తెలుగు కూలీలు కూడ చెరకు తోటలలోనే పాట్లుపడిరి. వారిలో పలువురు కోరంగి రేవునుండి ఓడనెక్కుటచే వారిని 'కోరంగివారు' అనిరి. అయితే వారు గుంపులుగా నివసించి, రామమందిరములు కట్టుకొని, 1947లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. నేడు అచ్చట ఉగాది సెలవుదినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి.

కూలికి పోయినవాడు చేతులను మాత్రమే తీసికొనిపోవునని యజమానులు తలచిరి. వాడు దేవుని, డప్పును, పండుగను, పాటను కూడ మోసికొనిపోయెను. వానిలో పదిమంది కూడి కాపాడుకొన్నవి నిలిచినవి. కాపాడువారు లేనివి మాసిపోయినవి. పాలమూరు మెట్టలనుండి నేటికిని ముంబైకి, ఇతర నగరములకు పనికి పోవు కుటుంబముల పిల్లలకును బడియు, మాతృభాషయు వెంట నుండవలెనని ఈ రెండు దీవుల చరిత్ర తెలుపుచున్నది.